జరగని ప్రమాదానికి సాక్షులు

ఏటా ఇంజనీర్ల దినోత్సవమైన సెప్టెంబరు 15 ఉదయం హైదరాబాదు ఖైరతాబాద్ చౌరస్తాలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి విగ్రహం దగ్గర మన ఇంజనీర్లు చేరతారు. దండలు వేసి, పాత స్నేహితులను పలకరించుకుని, విశ్వేశ్వరయ్య భవన్‌లోకి నడుస్తారు. సభలో ఆ ఏడాదికి ఎంపికైన ఇంజనీర్లను పేరుపేరునా పిలిచి, శాలువా కప్పి, ప్రశంసాపత్రం చదివి వినిపిస్తారు. ముందు వరుసలో వాళ్ల కుటుంబాలు కూర్చుంటాయి. ముప్పై ఏళ్లు ఏ సైటులో ఏం చేసి వచ్చాడో ఇంట్లో ఏనాడూ విడమరిచి చెప్పని మనిషి గురించి భార్యాబిడ్డలు అప్పుడే మొదటిసారి వింటారు. ఆ నిమిషంలో వాళ్ల ముఖాలు చూడడం నాకెంతో ఇష్టం.

ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ పుట్టి నూరేళ్లు నిండిన సందర్భంగా ఈ ప్రత్యేక సంచికకు రాయమన్నప్పుడు ఆ ముఖాలే గుర్తుకొచ్చాయి. ఇంజనీరు చేసిన మంచి పనిని ఎవరు గుర్తించాలి, ఎలా గుర్తించాలి? మన సంస్థ నూరేళ్ల చరిత్రను ఈ ఒక్క ప్రశ్న వైపు నుంచి చెప్పుకుందామని ఈ ప్రయత్నం.

కనిపించని పనితనం

వైద్యుడు బతికించిన మనిషి మర్నాడు నడుచుకుంటూ వచ్చి దణ్ణం పెడతాడు. గాయకుడి పాటకు అక్కడికక్కడే చప్పట్లు పడతాయి. మన వృత్తిలో ఆ వరుస వేరు. వంతెన నిలబడితే దాని మీద బస్సు వెళ్లిపోతుంది, అంతే. గట్టు తెగకపోతే ఊరు తెల్లారి లేచి పొలానికి పోతుంది. కూలిన కట్టడం పేపర్లో మొదటి పేజీకి ఎక్కుతుంది. కూలకుండా నిలబడిన దాని గురించి రాయడానికి వార్తే ఉండదు. మన పనిలో గొప్పదనమంతా జరగకుండా ఆగిన ప్రమాదంలోనే దాగి ఉంటుంది. జరగని దాన్ని చూడాలంటే లెక్క తెలిసిన కళ్లు కావాలి. అందుకే మొదట ఆ పనిని చూడవలసిన వాళ్లు తోటి ఇంజనీర్లు.

మన సంస్థ పుట్టుకలోనే ఈ అవసరం ఉంది. 1916 నుంచి 1918 దాకా పనిచేసిన భారత పారిశ్రామిక సంఘం, ఈ దేశంలో ఇంజనీర్లకు తమదైన వృత్తి సంస్థ ఉండాలని భావించింది. ఆ సంఘానికి అధ్యక్షుడు సర్ థామస్ హాలండ్. ఆయన వృత్తిరీత్యా భూగర్భ శాస్త్రవేత్త. 1920 సెప్టెంబరు 13న సంస్థ మద్రాసులో నమోదైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 23న కలకత్తాలో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ప్రారంభించారు. హాలండే తొలి అధ్యక్షుడయ్యారు. 1935 సెప్టెంబరులో రాయల్ చార్టర్ దక్కింది. అంతకుముందు ఇక్కడ పనిచేసే ఇంజనీరు తన అర్హతను నలుగురిలో చెప్పుకోవాలంటే లండన్ సంస్థల వైపు చూడాల్సి వచ్చేది. మన కాలువ, మన నేల, మన వాన తెలిసినవాళ్లే మన పనిని తూచే తక్కెడ ఈ గడ్డ మీద అప్పుడు నిలిచింది.

లాంతరు వెలుగులో ఏఎంఐఈ

సంస్థ ఇచ్చిన గుర్తింపుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ఏ పతకమూ కాదు. అది 1928లో మొదలైన ఏఎంఐఈ, అంటే సంస్థలో అసోసియేట్ సభ్యత్వానికి పెట్టే పరీక్ష.

కాలేజీలో సీటు దొరకని, దొరికినా చేరే స్తోమత లేని ఓవర్సీర్లు, డ్రాఫ్ట్స్‌మన్‌లు, వర్క్‌షాపు ఫోర్‌మన్‌లు పగలు పని చేసి రాత్రి చదువుకున్నారు. సెక్షన్ ఏ, సెక్షన్ బీ అని రెండు మెట్లు. సైటు గుడిసెలో లాంతరు పక్కన స్లైడ్ రూలు, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకం, మూలన ఆరేసిన తడి బట్టలు: ఇలాంటి గదులు ఈ ప్రాంతంలోని ప్రాజెక్టు కాలనీల్లో ఎన్నో చూశాను. ఒక్కో పేపరు పాసవుతూ ఏడెనిమిదేళ్లకు ఒడ్డెక్కినవాళ్లున్నారు. పాసైన రోజున మేస్త్రీలే వాళ్లకు స్వీట్లు పంచిపెట్టారు. ఇంజనీరింగ్ డిగ్రీతో సమానంగా ప్రభుత్వం గుర్తించిన ఆ సర్టిఫికెట్‌తో ప్రమోషన్ అందుకుని, తర్వాత పెద్ద బాధ్యతలు మోసిన వాళ్లను మనమంతా ఎరుగుదుం. చేతికి పని వచ్చిన మనిషికి ‘నీకు విద్య కూడా ఉంది’ అని చెప్పిన పరీక్ష అది.

ఊరు గుర్తు పెట్టుకున్నవాళ్లు

సంస్థలు లేని రోజుల్లో ఇంజనీరును గుర్తించే పని జనమే చేశారు. గోదావరి డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని కూడలి అరుదు. 1833 కరువు, 1839 ఉప్పెన చూసిన ప్రాంతం అది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తి చేయించారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇలా నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా సాగిన కట్టడం. 1861లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఆ సంగతి గోదావరి రైతుకు పెద్దగా పట్టదు. రైతు ఇచ్చిన గౌరవం వేరు. పుష్కరాల రేవులో తన పెద్దలతో పాటు ఆ పరాయి దేశస్థుడికి కూడా తర్పణం వదిలినవాళ్లున్నారు. ఇంతకు మించిన గౌరవం ఏ ఇంజనీరుకు దక్కుతుంది?

ఆ కథలోనే తక్కువగా వినపడే పేరు వీణం వీరన్న. కాటన్‌కు కుడి భుజంగా నిలిచి, కూలీలను కూడగట్టి, వాళ్ల భాషలో వాళ్లకు పని చెప్పి నడిపించిన మనవాడు. ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. అయినా కాటన్ పేరు వచ్చిన ప్రతిసారీ వీరన్న పేరు రాదు. గుర్తింపు పైమెట్టు దగ్గరే ఆగిపోవడం కొత్త సంగతేమీ కాదు.

మూసీ నేర్పిన పాఠం

హైదరాబాదులో పుట్టి పెరిగిన వాళ్లకు 1908 సెప్టెంబరు 28 తెలియని తేదీ కాదు. మూసీ పొంగి ఊరి నడిబొడ్డును తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలుపు మీద విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన ముందుగా చేసింది లెక్క. ఎక్కడ ఎంత వాన పడింది, నది ఎంత మోసింది, పైన ఏమేమి తెగాయి అని విచారించారు. మూసీ పరివాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని తేలింది. నగరం దగ్గర గోడలు ఎత్తు పెంచినంత మాత్రాన సరిపోదని, వరదను ఎగువనే పట్టి ఆపాలని ఆయన చెప్పారు. ఆ ఆలోచన నుంచే 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. నగరానికి వరద రక్షణా దొరికింది, తాగునీరూ దొరికింది. 1908 నాటి ప్రాణనష్టాన్ని మూసీ వల్ల ఈ నగరం మళ్లీ చూడలేదు. గండిపేట (ఉస్మాన్ సాగర్) నీళ్లు తాగి పెరిగిన తరాలకు ఆ నీళ్ల వెనక ఒక వరద లెక్క ఉందని ఎందరికి తెలుసు?

విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న వచ్చింది. 1968 నుంచి ఆయన పుట్టినరోజు దేశమంతా ఇంజనీర్ల దినోత్సవం. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం మన ప్రకాశం జిల్లాది. ఆ ఊరి పేరే ఇంటి పేరై దేశమంతా తిరిగింది.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక, 2014 నుంచి, జూలై 11న నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జయంతిని కూడా ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాం సాగర్ ఆయన ఘనత. ఒకరి పేరు చెప్పుకుంటే మరొకరి పేరు తగ్గదు. ఇంటి పెద్దలు ఇద్దరుంటే ఇద్దరి తిథులూ పెట్టుకుంటాం కదా.

పతకాల వెనక పని

కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు చిన్ననాడే ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. కె.ఎల్. రావుగా నాగార్జున సాగర్ రూపకల్పనలో ముందు నిలిచారు, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు మంత్రి అయ్యారు. 1963లో పద్మభూషణ్ అందుకున్నారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. సాగర్ డ్యామును రాతితో కట్టాలని నిర్ణయించడం వెనక ఆనాటి దేశ పరిస్థితి ఉంది. సిమెంటు కరువు, పనిచేసే చేతులు మాత్రం బోలెడు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. పద్మభూషణ్ పతకం పట్టి చూస్తే ఆ రాళ్లు మోసిన వేలాది భుజాలు కనిపించవు. కనిపించేలా చెప్పవలసిన బాధ్యత మనది.

ఇంకొకరు ఇ. శ్రీధరన్. కేరళ వ్యక్తి, మన కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. 1964 డిసెంబరు తుఫానులో పాంబన్ వంతెన గర్డర్లు సముద్రంలో కొట్టుకుపోయాయి. రైల్వే ఆరు నెలలు గడువు పెడితే పై అధికారి దాన్ని మూడుకు కుదించారు. అప్పటికింకా యువకుడైన శ్రీధరన్ సముద్రం అడుగున పడిన గర్డర్లనే వెతికి పైకి తీయించి 46 రోజుల్లో వంతెన నిలబెట్టారు. రైల్వే మంత్రి అవార్డు అందుకున్నారు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో, 2001లో పద్మశ్రీ, 2008లో పద్మవిభూషణ్ అన్నీ ఆ తర్వాతివి. వయసులో ఉన్నప్పుడే, పని వేడి చల్లారకముందే దక్కిన ఆ తొలి మెప్పు మీద నాకు గౌరవం ఎక్కువ. రిటైరయ్యాక కప్పే శాలువా మర్యాద. ముప్పై ఏళ్ల వయసులో తట్టే భుజం ఊతం. మన సంస్థ యువ ఇంజనీర్లకు ఇచ్చే అవార్డులకు అందుకే మరింత ప్రచారం రావాలి.

నేను రాయని పేరు

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన నన్ను ఏటిగట్టు మీద ఒక మైలు అప్పగించి కాపలా పెట్టారు. నాతో ఉన్నది ఒక లస్కరు, గట్లూ కాలువలూ కనిపెట్టుకుని ఉండే చిరుద్యోగి. యాభై దాటిన మనిషి, చేతిలో పెట్రోమాక్స్ లైటు.

అర్ధరాత్రి దాటాక ఆయన గట్టు దిగి పొలం వైపు అంచున ఊరుతున్న నీళ్లలో చేయి పెట్టాడు. వేళ్లు రాసుకుని చూసి, ‘బాబుగారూ, ఊట రంగు మారిందండి. మన్ను వస్తోంది’ అన్నాడు. తేట నీరు ఊరితే భయం లేదు. మన్ను కలిసి వస్తోందంటే గట్టు కడుపులో బుంగ పడుతోందన్న మాట. పుస్తకంలో చదివాను గానీ నా కంటికి ఆ చీకట్లో తేడా తెలియలేదు. బుంగను నొక్కి మూసేద్దామని నేను కంగారు పడితే ఆయన వద్దన్నాడు. మూస్తే నీరు మరోచోట తన్నుకొస్తుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా కట్టు కట్టించాడు. లోపల నీటిమట్టం మెల్లగా లేచింది. ఆ నీటి బరువు ఎదురు నిలిచాక ఊట నెమ్మదించింది. తెల్లవారేసరికి తేట నీరు వస్తోంది. గట్టు నిలిచింది. అవతల ఊళ్లో కోళ్లు కూశాయి.

నేను రాసిన నివేదికలో ‘ఊట అదుపు చేయడమైనది’ అని ఒక్క వాక్యం ఉంది. ఎవరు చేశారో లేదు. తర్వాత నాకొక మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. దాన్ని ఆయనకు చూపించడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. నేను చేసిన ఆ తప్పు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

రెండో నూరేళ్లకు రెండు గడులు

పదిహేను ఇంజనీరింగ్ విభాగాలతో, దేశమంతటా కేంద్రాలతో మన సంస్థ నేడు మహావృక్షం. అవార్డులకు కొదవ లేదు. కానీ మనం చదివే ప్రశంసాపత్రాలను ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. అకుంఠిత దీక్ష, నిరుపమాన సేవ, బహుముఖ ప్రజ్ఞ అనే మాటలే అన్నిటా ఉంటాయి. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. ఆ ఇంజనీరు ఏ నది మీద, ఏ ఏడాది, ఏ చిక్కును, ఏ ఉపాయంతో విప్పాడో రాస్తే అదే చాలు. ఆ నాలుగు వాక్యాలు రేపటి విద్యార్థికి పాఠం అవుతాయి, ఇంట్లో మనవడికి కథ అవుతాయి.

నాదొక మనవి. అవార్డుకు పేరు పంపే దరఖాస్తులో రెండు గడులు చేర్చండి. మొదటిది: ‘ఈ పని జరగకపోయి ఉంటే ఏమయ్యేది?’ రెండోది: ‘ఈ పనిలో చేయి వేసిన మిగతావాళ్లెవరు?’ మొదటి గడి నింపాలంటే లెక్క వేయాలి. రెండోది నింపాలంటే గుర్తు చేసుకోవాలి. ఈ రెండూ చేయగలిగిన వాళ్లు మనలోనే ఉన్నారు. బయటివాళ్లు చేయలేరు.

మొదటి గడిలో ఆనాటి రాత్రి గురించి ఏం రాయాలో నాకు తెలుసు: గట్టు తెగేది, ఆ ఊరు మునిగేది. రెండో గడిలో రాయవలసిన పేరు కూడా తెలుసు. ఆ గడి ఉన్న కాగితం వచ్చిన రోజున నేను రాసే తొలి పేరు అదే.