మందారము – దాని పుట్టుపూర్వోత్తరములు

మన పెరటిలోని మందారమునకు ఆ పేరు మొదట తనది కాదు. సంస్కృత నిఘంటువులలో మందారమనగా స్వర్గమందలి యైదు దేవతావృక్షములలో నొకటి. పారిజాతము, సంతానము, కల్పవృక్షము, హరిచందనము తక్కిన నాలుగు. భూలోకపు చెట్లను లెక్కించునప్పుడు అమరసింహుడు ఆ పేరును బాడిద చెట్టునకును, జిల్లేడునకును ఇచ్చెనే గాని, నేడు మనము మందారమని పిలుచు ఎఱ్ఱపూల పొదకు ఇయ్యలేదు. దీనిని ఆయన జపాపుష్పమనియు, ఓడ్రపుష్పమనియు వేఱుగా చెప్పెను. అరవమున మందారై యనగా దేవకాంచనపు జాతి. తెలుగువారు మాత్రము స్వర్గవృక్షపు పేరు తెచ్చి బావిగట్టునున్న పొదకు తగిలించిరి. పల్లెలలో దీనిని దాసాని యనువారు ఇప్పటికిని కలరు. కన్నడమున దాసవాళ మందురు. పూజాపుష్పమునకు పండితుల పేరు ఘనముగా నుండునని తోచినది కాబోలు, దాసాని వెనుకబడి మందారము ముందుకు వచ్చినది.

పేరు ఎట్లున్నను పువ్వు మనదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. మేఘసందేశమున కాళిదాసు ఉజ్జయినీ మహాకాళుని కోవెలపై వ్రాలిన సంధ్యాకాంతిని అప్పుడే విరిసిన జపాపుష్పపు ఎఱుపుతో పోల్చెను. వేదాంతులకును సాంఖ్యులకును ఈ పువ్వు తర్కములో పనికివచ్చినది. స్ఫటికము ప్రక్కన జపాకుసుమము నుంచినచో స్ఫటికము ఎఱ్ఱగా కానవచ్చును; ఆ యెఱుపు స్ఫటికమునది కాదు; అట్లే సుఖదుఃఖములు ఆత్మవి కావు అని వారి దృష్టాంతము. శ్రోతలలో నెవ్వరును చూడని పువ్వును ఎవ్వరును దృష్టాంతముగా వాడరు. కావున ఆ కాలమునకే ఇది ఇంటింట తెలిసిన పువ్వై యుండవలెను.

ఓడ్రపుష్పమనగా ఓడ్రదేశపు పువ్వు. ఇక్కడ ఒక వింత గమనింపదగియున్నది. సంస్కృతపండితులు దీనిని ఓడ్రులదనిరి. 1753వ సంవత్సరమున స్వీడను దేశపు లిన్నేయసు దీనికి శాస్త్రనామము పెట్టుచు రోజా-సైనెన్సిస్, అనగా చీనాదేశపు గులాబి యనెను. తెలుగువారు దేవతల దనిరి. దీనిని చూచిన ప్రతివారును ఇది తమది కాదు, మఱియొకరి దనియే పేరు పెట్టిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు.

ఐరోపా వారికి ఈ మొక్కను గూర్చి సవిస్తరముగా తెలిపిన గ్రంథము మలబారులో పుట్టినది. కొచ్చి ప్రాంతమున డచ్చివారి అధికారిగా నుండిన వాన్ రీడ్ అనునాతడు చేయించిన హోర్టస్ మలబారికస్ అను పండ్రెండు సంపుటముల గ్రంథము 1678 మొదలు 1693 వఱకు ఆంస్టర్‌డాము నగరమున అచ్చయినది. అందులో రెండవ సంపుటమున మన మందారము షెమ్-పరిత్తి యను మలయాళనామముతో బొమ్మతో సహా ఉన్నది. పరుత్తి యనగా ప్రత్తి. ఎఱ్ఱప్రత్తి యని యర్థము. ఆ పేరు పెట్టినవారు నిజముగా చూపుగలవారు. ప్రత్తి, బెండ, గోంగూర, మందారము అన్నియు నొకే కుటుంబములోనివి. నమ్మనివారు బెండపువ్వును మందారమును ప్రక్కప్రక్కన నుంచి చూడవచ్చును. అయిదేసి ఱేకులు, నడుమ కేసరములన్నియు నొక్క గొట్టముగా పెనవైచికొని నిలుచుట రెంటియందును ఒక్కతీరే.

ఆ గ్రంథమునకు మలయాళపు పేళ్లను, మందుల గుణములను ప్రధానముగా చెప్పినవాడు ఇట్టి అచ్యుతన్ అను ఈళవ వైద్యుడు. చేర్తల దగ్గఱి కడక్కరప్పళ్లి ఆయన స్వగ్రామము. తరతరములుగా తన ఇంట నున్న తాళపత్రములనుండి, స్వానుభవమునుండి తాను చెప్పితినని ఆయన 1675లో తన చేవ్రాలుతో ఇచ్చిన సాక్ష్యపత్రము గ్రంథారంభమున ముద్రితమైనది. అదే చోట రంగభట్టు, వినాయకపండితుడు, అప్పుభట్టు అను మువ్వురు కొంకణీ బ్రాహ్మణ వైద్యుల సాక్ష్యపత్రమును గలదు. ఆనాటి మలబారులో ఈ నలుగురును కలిసి ఒక పంక్తిని కూర్చుండి భుజింపజాలరు. ఆ పుస్తకపు పుటలలో మాత్రము వారు సమానులైరి. మఱియొక మాట. భగవతి గుళ్లలో ఈ యెఱ్ఱపువ్వు లేనిదే అర్చన లేదు. దాని గుణములను లోకమునకు చెప్పిన అచ్యుతుని కులమువారికి తిరువాన్కూరు దేవాలయములలో ప్రవేశము కలిగినది 1936వ సంవత్సరము నవంబరు 12వ తేదీని. పువ్వు లోపలికి పోయిన రెండువందల యఱువది యేండ్ల పిదప పువ్వు నెఱిగినవాని సంతతి లోపలికి పోగలిగినది!

ఇక ఈ మొక్క స్వస్థలమును గూర్చిన మాట. మందారము ఏ యడవిలోను తనంతట తాను పుట్టి పెరుగుచున్నట్లు ఎవ్వరును చూడలేదు. చీనాదేశపు గులాబి యన్నంత మాత్రమున చీనాలో దీనికి అడవి లేదు, ఓడ్రదేశమునను లేదు. దీని అడవిజ్ఞాతు లెక్కడున్నవని వెదకినచో సముద్రమధ్యమున దొరకుచున్నవి: హవాయి, ఫీజీ, మారిషసు, రోడ్రిగ్స్ దీవులలోను, తూర్పు ఆఫ్రికా తీరమునను. ఇటీవలి వృక్షశాస్త్రజ్ఞులలో కొందరు వనువాటు దీవులందలి యొక జాతియు, తహితి దీవియందలి యొక జాతియు మనుష్యులు పెంచిన తోటలలో కలిసి మన మందారము పుట్టినదని వాదించుచున్నారు. వాదము సొగసైనదే కాని చరిత్రకారునకు ఒక చిక్కు కలదు. తహితిలో జనులు కాపురముండ నారంభించి రమారమి వేయి సంవత్సరము లైనది. కాళిదాసు అంతకు నైదువందల యేండ్ల ముందటివాడు. ఈ వాదము నిలువవలెనన్న కాళిదాసుని జప వేఱొక పువ్వు కావలెను. కాళిదాసుని సంధ్యారాగమును త్రోసివేయుటకు నాకు మనసొప్పకున్నది. అయినను ఈ మొక్క ఓడలలోనే ప్రయాణము చేసినదనుటకు అడవి లేకపోవుటయే చాలినంత సాక్ష్యము.

దీనికంటె ముఖ్యమైన సంగతి విత్తనము. మన యిండ్లలోని పాత ఎఱ్ఱమందారము పూయునే కాని సాధారణముగా కాయదు. ముద్దమందారము సంగతి చెప్పనే అక్కఱలేదు. దానియందు కేసరములే ఱేకులుగా మాఱిపోయినవి. తేనెపిట్టలు వచ్చి పోవుచునే యుండును, పువ్వు సాయంకాలమునకు ముడుచుకొని రాలిపోవుచునే యుండును. గాలి మోసికొనిపోవుటకు గింజ లేదు, పిట్ట మ్రింగుటకు పండు లేదు. కొమ్మ విఱిచి భూమిలో గ్రుచ్చిన మనుష్యుని చేయి యొక్కటే దీనికి సంతానమార్గము. మీ పెరటి మందారము మఱియొకరి పెరటి కొమ్మ, వారిది ఇంకొకరిది. ఇట్లు వెనుకకు పోయినచో కాళిదాసు నాటినుండియో, ఆ తరువాతి ఏ నావికుని నాటినుండియో ఒక్క తరమైనను విడువక ఎవరో యొకరు ఎవరికో యొకరికి కొమ్మ యిచ్చిరనుట నిశ్చయము. మధ్య నెక్కడ ఆ చేయి ముడుచుకొన్నను ఆ శాఖ అక్కడితో అంతరించి యుండెడిది.

ఆ చేతులు ఎవరివి? శాసనములలో రాజులు వేయించిన తోటలు కనుపించును గాని పెరటి మొక్కలు కనుపింపవు. పెరడు స్త్రీలది. బావినీళ్లు చేది పాదులో పోసినవారు, గోడమీదుగా కొమ్మ అందిచ్చినవారు, పుట్టింటినుండి అత్తవారింటికి తడిగుడ్డలో చుట్టి తెచ్చినవారు వారే. అందులోను ఒక వర్గమును మఱువరాదు. పువ్వు పెట్టుకొనరాదని శాసింపబడిన వితంతువే తెల్లవారుజామున లేచి ఆ మొక్కకు నీరుపోసి, దేవతార్చనకు సజ్జనిండ పువ్వులు కోసి యిచ్చిన యిండ్లు మన తెలుగునాట నెన్నియో. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించునాటికి ఆ నగరపు పెరళ్లలో మందారములను పెంచినవారిలో వితంతువు లెందఱుండిరో లెక్కించిన వారు లేరు. వారి పేళ్లు మిగులలేదు. వారు నాటిన కొమ్మలు మిగిలినవి.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ మొక్క కథ మలుపు తిరిగినది. అంతకుముందే, 1731 ప్రాంతమున, లండనులోని చెల్సీ తోటలో ఫిలిప్ మిల్లరు ముద్దమందారమును అద్దాల యింట పెంచెను. 1820 ప్రాంతమున మారిషసు దీవిలో చార్లెస్ టెల్ఫేరు అనునాతడు మన మందారమును రోడ్రిగ్స్ దీవి జాతితో సంకరము చేసి క్రొత్త రకములను పుట్టించెను. ఆఫ్రికానుండి జుమికీవలె వ్రేలాడు చీలిక ఱేకుల జాతి వచ్చి చేరెను. పిమ్మట హవాయి మొదలగు చోట్ల పసుపు, నారింజ, ఊదా రంగులలో పళ్లెమంత పువ్వులు వెలసినవి. మలేషియా వారు 1960లో మన ఎఱ్ఱమందారమునే జాతీయపుష్పముగా చేసికొనిరి. నేడు కడియము తోటలకు పోయినవారు ఈ సంకరపు మొక్కలను బండ్లకొలది చూడవచ్చును. అవి అందమైనవే, నే నాక్షేపింపను. కాని వానిలో పెక్కింటికి సొంత వేళ్లు బలహీనము. పాత ఎఱ్ఱమందారపు మొదలుమీద అంటుకట్టినచో గాని బాగుగ బ్రతుకవు. పై సొగసు ఎవరిదైనను క్రింది వేరు ఆ పాత పెరటిదే. పెరళ్లు సిమెంటుతో కప్పబడిపోవుచున్న ఈ దినములలో ఆ వేరు ఎక్కడ దొరకునో ఆలోచింపవలసియున్నది. గింజ లేని మొక్క పోయిన పిమ్మట తిరిగి మొలవదు.

కాబట్టి పెంచు పద్ధతిని గూర్చి కొంత చెప్పవలెను. మందారము దినమునకు అయిదాఱు గంటల యెండ కోరును. నీడను ఆకులు పెరుగును, పువ్వులు తగ్గును. నల్లరేగడిలో నీరు నిలిచి వేళ్లు క్రుళ్లును కనుక గుంటలో ఇసుకయు, చివికిన పశువుల ఎరువును కలుపవలెను. సున్నము పాలు హెచ్చుగానున్న నేలలో ఆకు పసుపువాఱి ఈనెలు మాత్రము పచ్చగా నుండును. అది ఇనుము అందని జబ్బు, నీరు పోసినంతమాత్రమున పోదు. మొగ్గలు విచ్చకయే రాలుచున్నచో పాదు ఒకనాడు ఎండి మఱునాడు మునుగుచున్నదేమో ముందుగా చూడుడు. పువ్వు క్రొత్త చిగురు కొనననే పూయును గనుక, కత్తెర వేయ జంకువారి చెట్టు పొడుగు సాగి తలమీద నాలుగు పువ్వులతో నిలుచును. చలికాలము వెళ్లగానే మూడవవంతు కత్తిరించినచో వేసవికి గుబురెక్కును.

దీనికి పరమశత్రువు పిండినల్లి. కొమ్మ చివరలు ముడుచుకొని తెల్లని పిండివంటిది పట్టును. ఈ పురుగులలో మందారమునకు మిక్కిలి కీడుచేయు జాతిని శాస్త్రజ్ఞులు మొదట వర్ణించినది 1908లో, మనదేశపు నమూనాలనుండియే. అది 1994లో సముద్రములు దాటి గ్రెనడా దీవికి చేరి అక్కడి తోటలను పాడుచేసెను. మనదేశమున దానిని తిను చిన్న కందిరీగలు, అక్షింతల పురుగులు ఉన్నందున అంత యుపద్రవము లేదు. కనుకనే తొందరపడి విషపుమందులు చల్లరాదు. అవి ముందుగా ఆ మిత్రులను చంపును. ముడుచుకొన్న కొనలను కత్తిరించి కాల్చివేసి, కుంకుడురసములో వేపనూనె కలిపి చల్లి, మొదట చీమలు ప్రాకకుండ జూచినచో సాధారణముగా అణగును. పిండినల్లి విసర్జించు తీపి రసమునకై చీమలు దానిని మన గోవులవలె కాచుచుండును.

మందుల సంగతి రెండు మాటలు. సీసాలలోను పొట్లములలోను హైబిస్కస్ టీ యని అమ్మునది మందారము కాదు. అది మన గోంగూర జాతి మొక్కయొక్క ఎఱ్ఱని పుష్పకోశము. రక్తపుపోటును తగ్గించునన్న పరీక్షలు దానిపై జరిగినవే. మందారపువ్వులను గర్భిణులు లోపలికి పుచ్చుకొనుట మంచిదికాదు. 1970ల దశకమున ఆడ ఎలుకలపై చేసిన పరీక్షలలో ఈ పువ్వుల సారము గర్భమును నిలువనీయలేదు. తలనూనెలో కాచుకొనువారికి అడ్డులేదు.

కొమ్మ నాటుటకు తొలకరి మంచి కాలము. మఱీ లేతది గాని ముదిరి బెరడు కట్టినది గాని పనికిరాదు. పెన్సిలు లావున నున్న కొమ్మను జానెడు ముక్కగా, కనుపు క్రిందుగా ఏటవాలున కోయవలెను. పైనున్న రెండాకులు సగము కత్తిరించి నిలిపి తక్కినవి తీసివేసి, రెండు కనుపులు భూమిలోనికి పోవునట్లు ఇసుక కలిపిన మట్టిలో గ్రుచ్చి నీడను ఉంచుడు. మట్టి తడిగా నుండవలెనే గాని బురద కారాదు. వేరు పట్టినదో లేదో యని నాలుగు దినముల కొకసారి పెఱికి చూచుట మన పిల్లలకు అలవాటు, అట్లు చేయనీయకుడు. నెల, నెలన్నరకు చిగురు వేయును. కత్తిరింపు వేసిననాడు పాఱవేయు కొమ్మలలో ఇట్టివి పది పండ్రెండు దొరకును. ఒక్కయింటికి రెండు చాలును.