దండు విడిచిన కొండపల్లి

ఖమ్మము నుండి బెజవాడకు పోవు రైలు ఎర్రుపాలెము దాటిన కొలది సేపటికి తెలంగాణ ముగిసి ఆంధ్రప్రదేశము మొదలగును. ప్రయాణికునకు ఆ మార్పు తెలియదు. ఇరుప్రక్కల అవే పైరులు, అవే తాళ్లు, అదే భాష. మరికొంత దూరము పోగా కొండల వరుస కనబడును. ఆ కొండలపై నున్నది కొండపల్లి కోట. ఎర్రుపాలెము ఒక రాష్ట్రమునను, దాని పొరుగూరు వేరొక రాష్ట్రమునను ఏల ఉన్నవని ఎవరైన అడిగినచో, సమాధానము కొంతవరకు ఈ కోటలో దొరకును.

పదునాలుగవ శతాబ్దిలో కొండవీటి రెడ్డిరాజులు ఈ దుర్గమును కట్టిరని చెప్పుదురు. పిదప బహమనీలును గజపతులును దీనికై పోరాడిరి. శ్రీకృష్ణదేవరాయలు తన కళింగ దండయాత్రలో దీనిని ముట్టడించి, గజపతి దండనాయకులను చెరపట్టెను. 1531లో ఇది సుల్తాన్ కులీ కుతుబ్ షాకును, 1687లో ఔరంగజేబునకును వశమయ్యెను.

మన కథకు ముఖ్యమైనది ఆ తరువాతి ఘట్టము. 1765లో రాబర్టు క్లైవు ఢిల్లీ చక్రవర్తి షా ఆలము నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించెను. కాని చక్రవర్తి కాగితముపై ఇచ్చిన నేల నిజాం అలీఖాను చేతిలో నుండెను. 1766లో జనరల్ కైలాడ్ సేనతో వచ్చి కొండపల్లిని పట్టుకొనెను. ఆ యేడు నవంబరు 12వ తేదీన హైదరాబాదులో సంధి కుదిరెను. కాండ్రేగుల జోగిపంతులు ఆ రాయబారమును నడపెను. అయిదు సర్కారులకు ఏటేట తొమ్మిది లక్షల రూపాయలు లెక్కగట్టిరి. కొండపల్లి కుంపిణీ పాలయ్యెను. ఎర్రుపాలెము నైజామున మిగిలెను.

క్రొత్త సరిహద్దునకు దాపుననున్న ఈ కొండను కుంపిణీవారు దండు నిలుపుటకును, సిపాయిల శిక్షణకును వాడుకొనిరి. ఆ నాటి తుపాకి గొట్టములో మందు పోసి, గుండు వేసి, గజముతో కూరి, చెకుముకి రాతి నిప్పుతో పేల్చెడివారు. ఆరితేరిన సిపాయి నిమిషమునకు రెండు మూడు మారులు పేల్చగలిగెడివాడు. ఆ వేగము చేతికి వచ్చుటకు కవాతు తప్ప వేరు మార్గము లేదు.

నేడు కొండ యెక్కువారు మొదట దర్గా దర్వాజా ప్రవేశింతురు. దాని రాళ్ల పరిమాణమే ఆశ్చర్యము గొలుపును. లోపల, రెండు కొండల నడిమి ఎత్తున, తానీషా మహలు శిథిలమై నిలిచియున్నది. ఊటనీటితో నిండు లోతైన కోనేరు కలదు. సుల్తానుల కట్టడములను చూచి మురియువారు ఇంగ్లీషువారి బారకాసులను తరచుగా గమనింపరు. ఎనిమిది పెద్ద గదులు, చేర్చి కట్టిన వేరొక భాగము, అలంకారమేమియు లేదు. అవతల ఆంగ్లేయుల గోరీలు కలవు. ఇంటికి తిరిగి పోలేక పోయినవారు అచ్చటనే ఉండిరి.

ఈ దండును ఏ శత్రువును తరిమివేయలేదు. 1798 సంధితో నిజాము కుంపిణీ రక్షణలో చేరెను. ఎవరిపై కావలి కాయుచుండిరో వారే మిత్రులైరి. 1857 తిరుగుబాటు నణచుటలో ఖజానా బరువెక్కెను. 1858లో కుంపిణీ పాలన పోయి రాణీ పాలన వచ్చెను. పొదుపు నిమిత్తము 1859లో కొండపల్లి దండును లేపివేసిరి. ఫిరంగులకు లొంగి చేతులు మారిన కోట జమాఖర్చుల లెక్కకు పాడుపడెను. కొండ క్రింద ఊరిలో మాత్రము పొణికి కర్రతో బొమ్మలు చెక్కు పని నిలువలేదు. ఆ మెత్తని కర్ర ఈ కొండలదే.

దండు పోయినను గీత పోలేదు. 1889లో నైజాం రైలు బెజవాడ చేరిన పిదప కూడ ఇవతల హాలీ రూపాయి, అవతల కలదారు రూపాయి చెల్లెడివి. ఏడు హాలీలు దాదాపు ఆరు కలదారులకు సమము. సరకుపై నైజాము సుంకము వేరు. ఆడపిల్లను అవతలి ఊరికిచ్చిన తండ్రి పండుగకు సారె పంపవలెనన్నను రెండు దొరతనముల లెక్క చూచుకొనవలసినదే. 1948లో నైజాము భారతదేశమున కలసెను. 1956 నవంబరు 1న ఇరువైపుల వారును ఒకే రాష్ట్రమువారైరి. 2014 జూన్ 2న ఆ ప్రాంతముననే గీత మరల వెలసెను. ఈ తడవ దానిని నిర్ణయించినది సేనలు కాదు, పార్లమెంటు. అది గొప్ప భేదము. అయినను ఎచ్చట గీయవలెనను ప్రశ్నకు పాత సరిహద్దే చాలవరకు దారి చూపెను.

కోటపై నిలిచి ఉత్తరముగా ఎర్రుపాలెము వంకకు చూడుడు. చెట్లు, చేలు, రైలుపట్టాలు కనబడును, గీత కనబడదు. అది నేలపై పుట్టినది కాదు, 1766 నాటి ఒడంబడికలో పుట్టినది.