ఇంటి బట్టీ, సర్కారు బట్టీ

భీమునిపట్నంలో నా తరగతిలో తెలుగు చదువుకొనే రసాయనశాస్త్ర విద్యార్థి ఒకడు ఆమధ్య తన సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. వంటింటి బల్లమీద పట్టే చిన్న స్టీలు పాత్ర, దానికి బిగించిన మూత, మూతనుంచి వంపు తిరిగి దిగే గొట్టం. విద్యుత్తుతో వేడెక్కుతుంది. నాలుగైదు లీటర్లకంటె ఎక్కువ పట్టదు. ఇంట్లోనే సారా దించుకొనే యంత్రం అది.

“మాస్టారూ, న్యూజిలాండులో 1996 నుంచీ ఇది ఎవరింట్లో వాళ్లు పెట్టుకోవచ్చునట. మనకాడ పెట్టుకుంటే జైలు. ఇదేటి న్యాయమండీ?” అని అడిగాడు.

అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. సారా చెడ్డది గనుక చట్టం నిషేధించిందని చెబుదామంటే, మా వీధి చివర సర్కారు అనుమతితోనే మద్యం దుకాణం నడుస్తున్నది. ఇంట్లో కాచుకోవడం పౌరుని హక్కని చెబుదామంటే, సారావల్ల మాడిపోయిన ఇళ్లను నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. నీతిని గూర్చి మాట్లాడేవారూ, స్వేచ్ఛను గూర్చి మాట్లాడేవారూ కూడా ఈ ప్రశ్నలో చరిత్రను వదిలివేస్తున్నారు. అసలు ప్రశ్న తాగవచ్చునా, కూడదా అన్నది మాత్రమే కాదు. బట్టీ ఎవరి చేతిలో వున్నది, దానిమీద వచ్చే డబ్బు ఎవరికి చేరుతున్నది అన్నది కూడా. ఈ వ్యాసంలో ఆ సంగతినే పరిశీలించదలచాను.

ముందు వస్తువును చూద్దాం. పులిసిన ఊటలోని మద్యసారం 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100 డిగ్రీల దగ్గర. కాబట్టి ఊటను వేడిచేస్తే వచ్చే ఆవిరిలో నీటికంటె మద్యసారం పాలు హెచ్చుగా వుంటుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే బొట్లుగా రాలుతుంది. మన్యంలో కుండమీద కుండ పెట్టి, పైన చల్లనీళ్ల గిన్నె బోర్లించి చేసే పనీ, ఆ కుర్రవాడు చూపిన స్టీలు యంత్రం చేసే పనీ ఒక్కటే. అరబ్బీలో ‘అరఖ్’ అంటే చెమట. ఇంగ్లీషువాళ్లు మన సారాను పిలిచిన ‘అరాక్’ అన్న పేరు దానినుంచి పుట్టినదే. కుండకు పట్టిన చెమట అన్నమాట. ఇంత తేలికైన పనిని పేదవాడి పెరటిలోనుంచి తుడిచిపెట్టడం ఏ ప్రభుత్వంవల్లా కాలేదు. ఆ ప్రయత్నం ఎందుకు జరిగింది, ఎవరికోసం జరిగింది అన్నదే చరిత్ర.

రాజ్యం మద్యంమీద చెయ్యి వేయడం కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారి వున్నాడు. తయారీ, అమ్మకం అతని అదుపులో వుండాలన్నాడు కౌటిల్యుడు. అయినా ఆయన సైతం ఒక తలుపు తెరిచి వుంచాడు. గృహస్థులు శుభకార్యాలకు తెల్లసురనూ, మందుకోసం అరిష్టాన్నీ చేసుకోవచ్చునన్నాడు. ఉత్సవాలకూ యాత్రలకూ నాలుగు రోజుల సడలింపు ఇచ్చాడు. ఖజానాను అంత గట్టిగా కాపాడిన మనిషి కూడా ఇంటి కుండను పూర్తిగా పగులగొట్టలేదు. ఆ పని పూర్తిచేయడానికి పూనుకొన్నది కంపెనీ దొరలూ, వారి వారసులూ.

మా ఊరికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ డచ్చి ఈస్టిండియా కంపెనీ స్థావరం వేసింది. వారి సమాధులు సముద్రపుటొడ్డున ఇప్పటికీ వున్నవి. ఆ కంపెనీకి తూర్పుదీవులలో రాజధాని అయిన బటావియాలో బెల్లపు మడ్డినీ, బియ్యాన్నీ, కల్లునూ కలిపి సారా దించి, ఓడలకెక్కించి అమ్మేవారు. మద్యం అప్పటికే సముద్రాలు దాటే సరుకు. 1825లో భీమునిపట్నం ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. సరిగ్గా ఆ రోజులలోనే, 1823లో, వారి స్వదేశంలో ఒక చట్టం వచ్చింది. సాలుకు పది పౌనులు కట్టినవాడు బట్టీ పెట్టుకోవచ్చును, కాని ఆ బట్టీ నలభై గాలన్లకు తక్కువ వుండరాదు. స్కాట్లండు కొండలలో చిన్న బట్టీ కాచుకొనే రైతు ఆ నిబంధనవల్ల దొంగగానే మిగిలిపోయినాడు. పెద్ద బట్టీ పెట్టగల ధనికుడు గౌరవనీయుడైన వ్యాపారి అయినాడు. తాగుడు తగ్గించడం దాని ఉద్దేశం కాదు. పన్ను వసూలుకు వీలయిన బట్టీలను మిగల్చడమే దాని ఉద్దేశం.

ఆ సూత్రమే ఇక్కడికీ దిగుమతి అయింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం లైసెన్సు లేనిదే సారా కాయరాదన్నది. పాటపాడి దుకాణం దక్కించుకొన్న కంట్రాక్టరు ఒకవైపు, ఊరి కుండ మరొకవైపు. అబ్కారీ ఆదాయం భూమిశిస్తు తరువాత చెప్పుకోదగినంతగా పెరిగింది.

అయితే దీని పర్యవసానం చట్టానికి ముందే మన్యంలో కనిపించింది. రంపదేశంలో జీలుగు, తాటి చెట్ల కల్లు కొండవాళ్లకు పానీయమే కాదు, కొన్ని నెలలపాటు ఆహారం కూడా. తమ చెట్టు తాము గీసుకోవడానికి కంట్రాక్టరుకు పన్ను కట్టాలన్నారు. అప్పటికే మన్సబ్‌దారు పీడన, షావుకారుల అప్పులు, పోలీసుల లంచాలు మెడమీద వున్నవి. 1879 మార్చిలో రంప తిరగబడింది. తిరుగుబాటు మా విశాఖ జిల్లాలోని గొలుగొండకూ పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు పటాలాలూ, హైదరాబాదు కంటింజెంటు బలగాలూ దిగవలసి వచ్చింది. చివరకు ప్రభుత్వమే మన్సబ్‌దారును తొలగించింది. దీన్ని ‘తాగుబోతుల తిరుగుబాటు’ అనగలవాడు చరిత్ర చదవనివాడు. అది తమ చెట్టుమీద తమ హక్కుకోసం జరిగిన పోరాటం.

ఇక్కడొక సంగతి గమనించాలి. నలభై మూడేళ్ల తరువాత, 1922లో, అదే కొండలలో అల్లూరి సీతారామరాజు కొండవాళ్లను తాగుడు మానమన్నాడు. తగాదాలు కోర్టులకు పోకుండా పంచాయితీలలో తీర్చుకోమన్నాడు. ఆ తరువాతనే చింతపల్లి పోలీసు ఠాణామీద దాడి జరిగింది. ఒకరు కల్లుకోసం తిరగబడ్డారు, మరొకరు కల్లు మానమని చెప్పి తిరగబడ్డారు. పైకి వైరుధ్యంగా కనిపించే ఈ రెండింటి సారాంశం ఒక్కటే. రెండుసార్లూ జనం తమ మద్యాన్ని కంట్రాక్టరు చేతిలోనుంచి, సర్కారు చేతిలోనుంచి తప్పించబోయారు. తాగాలా మానాలా అన్నది తామే నిర్ణయించుకోవాలనుకొన్నారు.

సాహిత్య విద్యార్థులకు ‘కన్యాశుల్కం’లోని దుకాణం గుర్తుండే వుంటుంది. మా ఊరికి దగ్గరిదైన విజయనగరంలో కూర్చుని గురజాడ రాసిన ఆ రంగంలో బైరాగి వేదాంతమూ, హెడ్డు కనిష్టీబు అధికారమూ ఒకే పాకలో పక్కపక్కన కూర్చుంటవి. దాన్ని మనం హాస్యంగా చదివి నవ్వుకొంటాం. చట్టాన్ని కాపాడవలసినవాడు చట్టం అనుమతించిన దుకాణంలోనే మత్తులో పడడం ఒట్టి హాస్యం కాదు, ఆ అబ్కారీ వ్యవస్థ నిజరూపం.

ఇక నిషేధం మాట. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గం సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరం మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను వేశారు. యుద్ధకాలంలో నిషేధం పోయింది, అమ్మకం పన్ను మాత్రం పోలేదు. 1948లో రాష్ట్రమంతటా నిషేధం మళ్లీ వచ్చింది, 1960ల చివర అది ఆంధ్రలో మళ్లీ సడలింది. అప్పుడూ అమ్మకం పన్ను వుండనే వున్నది. నిషేధం పేర వేసిన పన్నూ, మద్యం పేర వచ్చే పన్నూ రెండూ పేదవాడి జేబునుంచే పోయినవి.

వామపక్ష పాఠకులు ఆత్మవిమర్శతో చూడవలసిన ఘట్టం 1954. ఆంధ్రరాష్ట్రం ఏర్పడి ఏడాది. నిషేధంవల్ల ఉపాధి పోయిన గీతకార్మికులు గౌతు లచ్చన్న నాయకత్వాన ఆందోళన చేశారు. నిషేధం విఫలమైందనీ, ఎత్తివేయాలనీ రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం మంత్రివర్గం దాన్ని అమలుపరచలేదు. నవంబరులో శాసనసభలో ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గం పడిపోయింది. కమ్యూనిస్టులు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటువేశారు. గీతకార్మికుని పొట్టకూటి పక్షం వహించడం సరైనదే. కాని ఆ చర్చలో తాగివచ్చే మగవాడి ఇల్లాలి గొంతు ఎంత వినిపించింది? మన ఉద్యమం చెట్టెక్కే మనిషిని చూసినంత స్పష్టంగా, పొయ్యిముందు ఖాళీ కుండతో కూర్చున్న మనిషిని చూడలేకపోయింది.

ఆ గొంతు వినిపించడానికి మరి నలభై యేళ్లు పట్టింది. 1968 ఎక్సైజు చట్టం వచ్చాక సారా పాటలు మళ్లీ జోరందుకొన్నవి. 1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను పాకెట్లలో ఊరూరికీ పంపింది. కుండ సారా నేరం, పాకెట్టు సారా పథకం! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకొన్న ఆడవాళ్లు ఆ పాఠాన్ని చేతలలో పెట్టారు. దుకాణాలు మూయించారు, వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఖజానా పేరుచెప్పి సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేశారు.

ఆ రెండేళ్ల నడుమ నేను చూసినదొకటి చెప్పాలి. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. గోస్తనీ నది గట్టున మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక వితంతువు సారా కాచేది. ఒక ఉదయం జీపు వచ్చింది. కుండలు పగులగొట్టారు. ఊట నేలపాలయింది, పులిసిన బెల్లం వాసన రెండు రోజులదాకా పోలేదు. ఆమెను తీసుకుపోతుంటే ఇద్దరు పిల్లలు జీపువెంట పరుగెత్తారు. మా నాయనమ్మ గుమ్మంలో నిలబడి, “కుండలు బద్దలుగొట్టినారు గాని, బెల్లం అప్పిచ్చినోడి కొట్టు మూసినారేటి?” అన్నది. సారాను మెచ్చి అన్నమాట కాదది. ఆమె తన సొంత తమ్ముణ్ణి సారాకే పోగొట్టుకొన్న మనిషి. రెండు నిజాలనూ ఒకేసారి పట్టుకొని నిలబడగలిగిన ఆమె వివేకం ఇన్ని చదువులు చదివిన నాకు ఆ విద్యార్థిముందు లేకపోయింది.

ఇప్పుడు ఆ కుర్రవాడికి జవాబు చెప్పగలననుకొంటాను.

నాయనా, ఆ చిన్న యంత్రం స్వాతంత్ర్యానికి గుర్తు కాదు. లైసెన్సు లేకుండా బట్టీ దగ్గర పెట్టుకోవడమే మన చట్టంలో నేరం. ఆ నేరానికి బల్లమీద స్టీలుపాత్ర పెట్టుకొన్న ఉద్యోగి ఇంటికి జీపు ఎంత తరచుగా వస్తుందో, మూతబడిన చిట్టివలస జూటుమిల్లు కార్మికవాడకు ఎంత తరచుగా వస్తుందో నువ్వే లెక్కవేసుకో. పైగా ఇది ప్రాణాపాయంతో కూడిన పని. ఊటలో వున్న విషాన్ని బట్టీ కడిగివేయదు. మూకుమ్మడి కల్తీసారా చావులకు హెచ్చుగా కారణం కర్మాగారాలకోసం తయారయ్యే మిథనాలును లాభంకోసం కలిపి అమ్మడం. అక్కడ కూడా చచ్చేవాడు కూలివాడు, తప్పించుకొనేవాడు వ్యాపారి.

అట్లాగని సర్కారు నీతిని నమ్మమనీ చెప్పను. 2019లో దుకాణాలను ప్రభుత్వమే చేతిలోకి తీసుకొన్నది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారికి ఇచ్చింది. యజమాని మారాడు, ఖజానా ఆకలి మారలేదు. ఆ ఖజానానుంచే నావంటి అధ్యాపకుల జీతాలు వస్తున్నవి. సారా డబ్బుతో పిల్లలకు చదువు చెప్పడమేమిటని 1937లో గాంధీ వేసిన ప్రశ్న మన సిబ్బంది గదులలో ఇంకా బల్లమీదనే వున్నది.

అభ్యుదయవాదులు అడగవలసినవి మూడు. ప్రభుత్వ ఆదాయం మద్యంమీద ఆధారపడడం తగ్గి, ఆ భారం ఆస్తిపరులమీదికి మారాలి. కుండ పెట్టుకొని బతికే పేద ఆడదానికి జైలుకు ముందు వేరొక బతుకుతెరువు దొరకాలి. ఊళ్లో దుకాణం వుండాలా వద్దా అన్నది వేలంపాట కాక, ఆ ఊరి ఆడవాళ్లు తేల్చాలి. ఇవి జరగనంతకాలం, కుండ పగిలిన చప్పుడు విని ఎవరైనా న్యాయం జరిగిందంటే, బెల్లపు కొట్టు సంగతి ఏమయిందని మా నాయనమ్మలాగే మనమూ అడుగుతూ వుండవలసిందే.