చేతిపుస్తకం పోయి యాప్ వచ్చింది, మన మాతృభాష గడి జాగ్రత్త!

ఈసారి జనాభా లెక్కల గురించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మన బళ్ళారిలో ఇది ఉత్త తలల లెక్క కాదు.

1951 లెక్కలప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఎన్యూమరేటర్లకు అచ్చు వేసిన సూచనలు ఇచ్చారు. మాతృభాష అంటే ఉయ్యాల నాటి నుంచి మాట్లాడే భాష అని, పసిపిల్లలకు తల్లి భాషే రాయాలని వాటిలో ఉంది. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ మాట్లాడే మన ఊళ్ళలో ఆ చిన్న సూచన ఎంత పెద్దదో వేరే చెప్పాలా?

రెండేళ్ళకే జిల్లా చీలింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి, మిగతావి మైసూరుకు. బళ్ళారి తాలూకా ఎటు అన్నది తేల్చడానికి జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాను ప్రత్యేకంగా నియమించారు. ఇక్కడ ఏ భాషవారు ఎందరు అన్నదే పెద్ద వాదన. తాలూకా మైసూరుకే దక్కింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ప్రాజెక్టును కూడా చూసి బళ్ళారి, హోసపేట, సిరుగుప్పలను ఆంధ్రకు ఇవ్వమంది. అది అమలు కాలేదు.

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. 2015లో కర్ణాటక వెనుకబడిన వర్గాల కమిషన్ సర్వే కాగితం ఫారాల మీద జరిగింది. 2025లో అదే పనిని యాప్‌లోకి మార్చారు. 60 ప్రశ్నలు, సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 7 వరకు, అంటే 16 రోజులు. దసరా సెలవుల్లో పని పడింది టీచర్ల మీద. మొదటి రోజుల్లోనే సర్వర్, ఓటీపీ, లొకేషన్ ఇబ్బందులు. చివరికి గడువు పెంచక తప్పలేదు.

అసలు గమనించవలసింది ఇంకొకటి ఉంది. 33 కులాల పేర్లకు ముందు క్రైస్తవ అని చేర్చి జాబితాలో పెట్టినందుకు వివాదం వచ్చింది. కమిషన్ ఆ పేర్లను యాప్ మెనూలో కనపడకుండా చేసింది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది నా విషయం కాదు. అచ్చు పుస్తకంలో ఉన్న మాటను తీసేయాలంటే సవరణ పత్రం వేసి ఊరూరా పంపాలి, అందరికీ తెలుస్తుంది. యాప్‌లో రాత్రికి రాత్రి మారిపోతుంది. పుస్తకాన్ని ఎవరైనా తిరగేసి చూడవచ్చు. యాప్‌లో మాత్రం మెనూలో ఉన్నదే కనపడుతుంది. సమయం తక్కువైతే ఎన్యూమరేటరు కూడా ముందు కనపడినదే నొక్కి ముందుకు పోతాడు.

ఇప్పుడు 2027 జనగణన. దేశంలో మొదటి డిజిటల్ లెక్క ఇదే. లెక్కకు ఆధారం 2027 మార్చి 1. మన వివరాలు మనమే నింపుకునే వీలు కూడా ఉంది. 2011లో మాతృభాష 10వ ప్రశ్న, తెలిసిన ఇతర భాషలు 11వది. ఈ రెండూ వేరువేరు. కన్నడలో చక్కగా మాట్లాడినంత మాత్రాన మాతృభాష కన్నడ కాదు. అలాగే ఇంట్లో కన్నడ మాట్లాడే మన సభ్యులు కన్నడ అనే చెప్పాలి, మొహమాటానికి తెలుగు అనవద్దు. సరిహద్దు గొడవ ఎప్పుడో ముగిసింది. ఇప్పుడు కావలసింది నిజమైన లెక్క. తెలుగు బడి కావాలని రేపు అడిగినా చూపించేది ఆ లెక్కనే.

కాబట్టి ఎన్యూమరేటరు వచ్చినప్పుడు టీ ఇవ్వండి, తొందర పెట్టవద్దు. సబ్మిట్ నొక్కే ముందు మాతృభాష గడిలో ఏముందో ఒకసారి చదివి వినిపించమనండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటే పిల్లలెవరైనా పక్కన ఉండండి.