తల పండుట: నలుపు, తెలుపు, నడిమి వన్నె

తెలుగున వయసు మీరిన వానిని గూర్చి చెప్పునపుడు "తల నెరసినది" అని యొక మాటయు, "తల పండినది" అని మరియొక మాటయు వాడుకలో నున్నవి. మొదటిది కంటికి కనబడు రంగును చెప్పును. రెండవది ఆ రంగునకు విలువ కట్టును. కాయ పండినట్లే తలయు పండునని మన పెద్దలు భావించిరి. వ్యవహారములలో ఆరితేరిన వానిని "తలపండినవాడు" అనుట నేటికిని కలదు. ఇట్టి గౌరవమును మాటలో నిలుపుకొన్న మనమే, ఒక్క తెల్ల వెండ్రుక కనబడినంతనే అద్దము ముందు కలవరపడి, నల్లరంగు పొట్లము కొరకు అంగడికి పరుగిడుచున్నాము. ఈ వింత నేటిదా, పూర్వము నుండియు నున్నదా? నలుపునకును తెలుపునకును నడుమ నుండు ముదురు బూడిద వన్నెను మనవారిలో పలువురు ఇపుడు కోరి యెన్నుకొనుటకు కారణమేమి? చెన్నపట్టణమున ముప్పదియెనిమిది యేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి గొన్న మేము ఈ విషయమును మా శక్తి కొలది విచారించెదము.

పూర్వుల మాట

బౌద్ధుల జాతక కథలలో మఖాదేవుడను రాజు కథ యొకటి కలదు. తన తలలో తెల్ల వెండ్రుక కనబడిన నాడు తనకు తెలుపవలసినదని ఆ రాజు తన క్షురకునకు ఆజ్ఞాపించెను. చాలకాలమునకు ఆ దినము రానే వచ్చినది. క్షురకుడు ఆ వెండ్రుకను బంగారు పట్టకారుతో పెరికి రాజు అరచేతిలో నుంచెను. రాజు కోపింపక, క్షురకునకు ఒక గ్రామమును బహూకరించి, రాజ్యమును కుమారునకు అప్పగించి సన్న్యసించెను. కాళిదాసును రఘువంశము పండ్రెండవ సర్గమున, ముసలితనము నెరసిన వెండ్రుక మిషతో దశరథుని చెవి చెంతకు చేరి, రాజ్యమును రామునకు ఇమ్మని చెప్పినట్లు వర్ణించెను. ఈ రెండు చోట్లను తెల్ల వెండ్రుక కర్తవ్యమును జ్ఞాపకము చేయ వచ్చిన దూత.

అంతమాత్రమున పూర్వులందరును తెల్ల వెండ్రుకకు నమస్కరించిరని అనుకొనరాదు. ఆరవ శతాబ్దము వాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధ ద్రవ్యముల ప్రకరణమును తలరంగుతోనే ప్రారంభించెను. తల నెరసిన వానికి పూలదండలును, ధూపమును, వస్త్రములును, నగలును శోభనీయవు గనుక ముందుగా జుట్టు సంగతి చూచుకొనవలెనని ఆతని మతము. ఆతడు చెప్పిన పద్ధతి యిది: ఆరికెల బియ్యమును పులిసిన కాడితో ఇనుప పాత్రలో ఉడికించి, ఇనుప పొడి చేర్చి మెత్తగా నూరి, పులుసుతో తడిపిన తలకు పట్టించి, పచ్చి ఆకులతో కట్టవలెను. రెండు జాములు గడచిన పిదప దానిని తీసివేసి, ఉసిరిక ముద్దను పట్టించి మరి రెండు జాములు ఓపిక పట్టవలెను. అనగా మొత్తము 12 గంటలు! తరువాత ఇనుము వాసన పోవుటకై పరిమళ ద్రవ్యములతో తల రుద్దుకొనవలెను.

ఇందులోని రహస్యము కష్టమైనది కాదు. ఉసిరిక, కరక్కాయ మొదలైన వానిలోని వగరు ఇనుముతో కలసిన నలుపు పుట్టును. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి పూర్వపు కరణములు సిరా చేసికొనుటయు ఈ న్యాయము చేతనే. కావున రాజుల తలరంగును, మా వంటి వ్రాతగాండ్ర సిరాయు ఒక్క వంశమున పుట్టినవే యని చెప్పుటకు మాకు సంతోషముగా నున్నది.

నీలియాకు, తలనీలాలు

మన యిండ్లలో ఇంత శ్రమ లేని పద్ధతులు ఉండెడివి. గుంటగలగరాకు రసమును నూనెతో కాచి తలకు రాచుకొనుట అందరును ఎరిగినదే. గోరింటాకు ఒంటరిగా పెట్టిన తల ఎర్రబడును; దానిపై నీలియాకు ముద్దను పెట్టిన నల్లబడును. ఈ నీలి మన సీమ పంటయే. కడప, నెల్లూరు, దక్షిణార్కాటు మండలములలో పండిన నీలిమందు చెన్నపట్టణపు రేవు నుండి ఓడల కెక్కి దూరదేశములకు పోయెడిది. 1897లో జర్మనీ దేశపు కర్మాగారము వారు కృత్రిమముగా చేసిన నీలిని విపణికి తెచ్చిన పిదప ఆ వ్యాపారము కొలది కాలముననే క్షీణించినది. అయినను మైలాపురము కచేరీ రోడ్డున డబ్బా చెట్టి అంగడి వంటి పాత మూలికల దుకాణములలో నేటికిని ఇట్టి ఆకుల పొడులు అడిగి కొనువారు కలరు.

తిరుమలలో స్వామికి సమర్పించు కేశములను మనము "తలనీలాలు" అందుము. ఎనుబది యేండ్ల వృద్ధుడు పూర్తిగా నెరసిన జుట్టు ఇచ్చినను అవి నీలములే! స్వామి సన్నిధిని మాత్రము మన భాష నలుపు తెలుపుల భేదమును పాటింపలేదు.

తలపాగా పోయిన తరువాత

మా తాతల తరమున తల నెరపును గూర్చి పురుషులకు నేటివలె కలవరము లేకపోవుటకు ఒక కారణము మాకు తోచుచున్నది. ఆనాడు ముందు తల గొరిగించుకొని వెనుక పిలక యుంచుకొనువారు కొందరు, జుట్టును ముడి వేసికొనువారు కొందరు. సభకుగాని కచేరీకిగాని పోవలసి వచ్చినపుడు తలపాగా తప్పనిసరి. సర్ పిట్టి త్యాగరాయ సెట్టిగారి (1852-1925) చిత్రమును తలపాగా లేకుండ ఊహించుకొనలేము. 1909లో చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులుగా చేరి, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారికి తెల్లని తలపాగాయే గుర్తు. తలపాగా క్రింద జుట్టు ఏ రంగున నున్నదో లోకమునకు అక్కర లేకపోయినది.

ఇంగ్లీషు చదువులతోను, కచేరీ ఉద్యోగములతోను క్రాపు వచ్చినది; క్రమముగా తలపాగా పోయినది. ఇంటి వసారాలో పీట వేసికొని కూర్చుండి క్షౌరము చేయించుకొనుటకు మారుగా, నిలువుటద్దములు గల సెలూనులు వెలసినవి. తల బయటపడినది, దానితో వయసును బయటపడినది. త్యాగరాయ సెట్టిగారి పేర వెలసిన త్యాగరాయనగరముననే నేడు తలకు రంగు వేయు దుకాణములు వీధి వీధినను ఉన్నవి.

ఆ సమయమునకు పాశ్చాత్యుల రసాయనపు రంగులు సిద్ధముగా నుండెను. ఫ్రాన్సు దేశమున యూజీన్ షూలర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో తలరంగు నొకటి కూర్చి, 1909లో కంపెనీ స్థాపించెను. అదియే లోరియాల్. మన దేశమున గోద్రెజ్ వారు 1974లో తలరంగును ప్రవేశపెట్టిరి. వరాహమిహిరుని 12 గంటలు అరగంటకు దిగినవి. ధర గుమాస్తాకు అందుబాటులోనికి వచ్చినది.

స్టూడియోల పాఠము

అందరును నలుపు కొరకు పోటీపడుచున్న కాలముననే, మన చెన్నపట్టణమున ఒక చోట నెరపును కోరి తెచ్చిపెట్టుకొనెడివారు. అవి కోడంబాకము, వడపళని ప్రాంతముల సినిమా స్టూడియోలు. 1955లో వచ్చిన "అర్ధాంగి" చిత్రమున అక్కినేని నాగేశ్వరరావు, జగ్గయ్యగార్లకు తండ్రియగు జమీందారుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావుగారికి అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. కొడుకుగా నటించిన నాగేశ్వరరావుగారే ఆయనకంటె పెద్దవారు! 1962లో "భీష్మ" చిత్రమున వృద్ధ పితామహుడుగా కనబడిన నందమూరి తారకరామారావుగారు నలువది యేండ్లకు లోపలివారు.

ప్రతి పాత్రకును తెల్ల విగ్గు పెట్టిన పని జరుగదు. నెరపు సాధారణముగా కణతల వద్ద మొదలై, నడినెత్తికి ప్రాకి, వెనుక భాగమునకు కడపట చేరును. కణతలు మాత్రము నెరసినవాడు ఇంటి పెద్ద. తల సగము నెరసినవాడు ఊరి పెద్ద. అంతయు తెలుపైనవాడు తాత. నలుపు తెలుపు చిత్రములలో ఈ మెట్లు ఎంత స్పష్టముగా తెలిసెడివో ఆ కాలపు చిత్రములు చూచినవారికి విశదమే. నడిమి వన్నెకు ఒక హోదా కలదని మనకు నేర్పినవారు ఆనాటి మేకప్పు పనివారు.

మా అనుభవము

ఇంత చెప్పు మేము కూడ పదునాలుగేండ్లు నల్లరంగు పూసికొన్నవారమే. నలుబదియారవ యేట, మా పై యధికారిగా మాకంటె పదునైదేండ్లు చిన్నవాడు వచ్చెను. ఆతని ముందు నెరసిన తలతో ఫైలు పట్టుకొని నిలుచుండుట మాకు చిన్నతనముగా తోచినది. నాటి నుండి పక్షమున కొక ఆదివారము మాకు రంగుకే సరిపోయెడిది. విశ్రాంతి గొన్న తరువాతను అలవాటు మానలేదు.

మా రెండవ కుమార్తె పెండ్లిచూపులకు మూడు దినములు ముందు, అంగడిలో మేము వాడు రకము దొరకక వేరొక రకము తెచ్చి పెట్టుకొంటిమి. చర్మమునకు పడునో పడదో ముందుగా చూచుకొనవలెనని పొట్లము మీదనే అచ్చువేసి యున్నను, జీవితమంతయు కాగితములు చదివిన మేము ఆ కాగితమును చదువలేదు. తెల్లవారునప్పటికి నెత్తి దురద, నొసట బొబ్బలు; సాయంకాలమునకు కనురెప్పలు వాచి కన్ను తెరువరాలేదు. వైద్యుడు మందిచ్చి, ఇక ఈ జాతి రంగును జన్మలో ముట్టరాదని శాసించెను. పెండ్లివారికి ఒంట్లో బాగులేదని కబురు పంపితిమి. కారణము చెప్పుటకు సిగ్గు. చెప్పనందున, పిల్ల తండ్రికి ఏదో పెద్ద జబ్బు కలదని వారు అనుమానించినట్లు మధ్యవర్తి వలన తెలిసినది. మా తలరంగు వలన పిల్ల సంబంధము చెడునేమో యని మూడు వారములు మాకు నిద్ర లేదు.

ఆ మూడు వారములలో మూలమున తెల్లని వెండ్రుకలు దాదాపు సెంటీమీటరు పెరిగినవి. కొసలు మాత్రము కారునలుపు. "ఏమండీ, పిల్ల పెళ్లిచూపులకు ఈ తలతో కూర్చుంటారా?" అని ఇంటావిడ నొచ్చుకొనెను. సాలిగ్రామమున నెల్లూరి నుండి వచ్చి స్థిరపడిన క్షురకుని యొద్దకు పోతిమి. ఆతడు మా తలను అటునిటు త్రిప్పి చూచి, "అయ్యా, నలుపేస్తే పదేళ్లు తగ్గుతాయి, పదిహేను రోజులకే తిరిగొస్తాయి. మీ తలలో నలుపింకా మిగిలే ఉంది. దాన్నే బయటికి తీద్దాం" అనెను. ప్రక్కలను పొట్టిగా కత్తిరించి, నడినెత్తిని కొంచెము పొడుగుంచి, రంగు పట్టిన కొసల నన్నిటిని తీసివేసెను. మీసమును అట్లే కురచ చేసెను. అద్దమున చూచుకొనగా తల తెల్లగా లేదు. ముదురు బూడిద వన్నెగా నున్నది. పదునాలుగేండ్లు మేము దాచినది ఈ వన్నెనా యనిపించినది.

పెండ్లిచూపుల నాడు ఎదుట కూర్చున్న వియ్యంకుని తల కాటుక వలె నున్నది. పాపిటి వెంట మాత్రము సన్నని తెల్లని గీత. మేము ఆ గీతను చూచుటయు, ఆయన మా తలను చూచుటయు రెండు మూడు మారులు జరిగినది. దాచుట కేమియు లేదనిపించి, మా బొబ్బల కథయంతయు చెప్పివేసితిమి. ఆయన పెద్దగా నవ్వెను. జబ్బు అనుమానము అంతటితో తీరినది. సంబంధము కుదిరినది. పోవునపుడు వీధి గుమ్మము కడ మా చెవిలో ఆయన అడిగినది మా క్షురకుని చిరునామా!

నడిమి వన్నె

ఈ వన్నె యెట్లు కలుగుచున్నదో కొంచెము చెప్పవలెను. వెండ్రుక మూలమున మెలనిన్ అను పదార్థము చేరినంత కాలము అది నల్లగా పెరుగును. చేరుట మానిన తెల్లగా పెరుగును. బూడిద వన్నెగా మనకు కనబడునది చాలవరకు నల్లని, తెల్లని వెండ్రుకల కలయికయే. శాస్త్రములలో "తిలతండుల న్యాయము" అని యొకటి కలదు. నువ్వులును బియ్యమును కలిపినపుడు అవి ఒక్క రాశిగా నున్నను దేని కది వేరుగా తెలియును. నువ్వులు ఎక్కువైన రాశియే ముదురు బూడిద వన్నె.

ఇంకను నలుపు మిగిలియున్నవారికి రంగుతో పని లేదు. కత్తిరింపు కుదిరిన చాలును. పూర్తిగా తెలుపైన తలకు ఈ వన్నె కావలెనన్నచో, తల మొత్తమునకు రంగు పులమక అక్కడక్కడ కొన్ని పాయలకే వేయుటయు, కణతలను విడిచిపెట్టుటయు తెలిసిన పనివారు చేయుచున్నారు. వెండ్రుక నెలకు ఒక సెంటీమీటరునకు పైగా పెరుగును గనుక, కారునలుపు వేసిన తలలో మూలమున తెల్లని గీత పక్షము లోపల బయటపడును; బూడిద వన్నెలో ఆ గీత అంతగా తెలియదు. మీసము నలుపుగాను తల బూడిదగాను ఉంచుకొన్న నాటకపు వేషము వలె నుండును. ఏ రంగైనను వేయుటకు 48 గంటలు ముందు మోచేతి లోపలి వైపున కొంచెము రాచి చూచుకొనవలెను. "నల్ల గోరింట" యని అమ్ము పొడులలోను ఆ రసాయనమే యుండవచ్చును. గోరింట తనంతట నలుపునీయదని జ్ఞాపక ముంచుకొనవలెను.

స్త్రీల విషయమున లోకము మరింత కఠినము. నెరసిన పురుషుని పెద్దమనిషి యనువారే, నెరసిన స్త్రీని చూచి "అయ్యో, అప్పుడేనా?" అందురు. పెండ్లి కుదిరిన పిదప మా ఇంటావిడ తన రంగు పొట్లమును అల్మారు వెనుకకు త్రోసినది. తీయుటయు మానుటయు ఆమె యిష్టము. మేము ఏమియు అనలేదు.

నలుపు వేసికొనువారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. వరాహమిహిరుని వంటి పండితుడే వారి పక్షమున నున్నాడు. అయితే కాయకును పండునకును నడుమ "దోర" అను దశ యొకటి కలదని తెలుగువారికి చెప్ప నక్కరలేదు. దోరమాగిన జామపండును ఏరి కొనుక్కొనువారము. మన తలలును ఆ దశకు వచ్చినపుడు వానిని మరల పచ్చికాయలుగా చేయ తొందరపడక, కొన్నాళ్లు అద్దమున చూచుకొందము. ఆపై ఎవరి యెన్నిక వారిది.