చేతులు సాగే మనోడు

హన్మకొండలో మా ఇంటి వెనక సందులో ఒక వీడియో గేమ్ పార్లర్ ఉండేది. పార్లర్ అనేది పెద్ద మాటే. రేకుల షెడ్డు, మూడు మెషీన్లు, ఒక టేబుల్ ఫ్యాను. రూపాయి బిళ్ళకి ఒక ఆట. 1990ల మధ్యలో మా రూపాయలన్నీ మింగిన మెషీను 'స్ట్రీట్ ఫైటర్ 2'. అందులో ఎనిమిది మంది ఉంటారు, ఒకరిని ఎంచుకుని కొట్లాడాలి. ఆ ఎనిమిదిలో ఒకడు ఇండియా వాడు, పేరు ధాల్సిమ్. మేం 'మనోడు' అనేవాళ్ళం. అని, మనోణ్ణి తప్ప అందర్నీ తీసుకునేవాళ్ళం.

"గాడొద్దురా, గాడు నడ్వనే నడ్వడు" అని మొదటిరోజే హెచ్చరించారు నన్ను. నేను కెన్‌ని పట్టుకున్నాను. బంగారు రంగు జుట్టు, ఎర్ర బట్టలు, అమెరికా.

నిజం చెప్పాలంటే నడవకపోవడం ఒక సాకు. అసలు సంగతి సిగ్గు. గుండు, దాని మీద ఎర్ర గీతలు, ఒంటి మీద చొక్కా లేదు, మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంట. వెనక గోడ మీద వినాయకుడు, అటూ ఇటూ ఏనుగులు. హన్మకొండలో అలాంటి మనిషిని మేమెవరం చూడలేదు. అయినా తెర మీద కింద 'ఇండియా' అని రాసుంటే, పక్కవాడు మన మొహం వంక చూసి నవ్వినట్టే ఉండేది.

ఈ బొమ్మ ఎక్కడిది? కాప్‌కామ్ అనే జపాన్ కంపెనీ 1991లో ఈ ఆటని తెచ్చింది. అంతకుముందు 1976లో ఒక తైవాన్ కుంగ్‌ఫూ సినిమా వచ్చింది, 'మాస్టర్ ఆఫ్ ది ఫ్లయింగ్ గిలటిన్'. అందులో చేతులు బారెడు సాగే ఒక భారతీయ యోగి ఉంటాడు. ధాల్సిమ్‌కి మూలం ఆ యోగేనని చెబుతారు. అంటే మనోడు తైవాన్ వాళ్ళు ఊహించుకున్న ఇండియాని జపాన్ వాళ్ళు మళ్ళీ ఊహించుకుంటే పుట్టినవాడు. ఆ పుర్రెలకీ ఒక కథ అల్లారు. అంటురోగంతో పోయిన తన ఊరి పిల్లలవట. హింస ఇష్టం లేకపోయినా ఊరివాళ్ళ కోసం డబ్బుకి కొట్లాడతాడట. పన్నెండేళ్ళప్పుడు ఈ కథ తెలిసుంటే నాకు ఇంకాస్త సిగ్గేసేది. ఇప్పుడు మాత్రం, ఆ ఎనిమిది మందిలో కొట్లాడ్డానికి సరైన కారణం ఉన్నది ఇతనికేనేమో అనిపిస్తుంది.

1994లో హాలీవుడ్ వాళ్ళు దీన్ని సినిమా తీసినప్పుడు ధాల్సిమ్‌గా వేసింది రోషన్ సేఠ్. 'గాంధీ' సినిమాలోనూ, దూరదర్శన్ 'భారత్ ఏక్ ఖోజ్'లోనూ నెహ్రూ ఆయనే. ఇందులో మాత్రం బందీగా పడి ఉన్న సైంటిస్టు. చేతులు సాగవు, మంటలూ లేవు. ఆ సినిమా గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

అసలు ఒక 'మనిషిని' నేర్చుకోవడమనేదే ఈ ఆటతో బలపడింది. 1987లో వచ్చిన మొదటి 'స్ట్రీట్ ఫైటర్'లో ఎంపిక లేదు. ఒకటో ఆటగాడు ర్యూ, రెండోవాడు కెన్, ఇద్దరి విద్యా ఒకటే. రెండో భాగంలో ఎనిమిది ఒళ్ళు, ఎనిమిది నడకలు. ఒకరిని నేర్చుకున్న చేతికి ఇంకొకరు రారు. దానికి తోడు ఒక పొరపాటు. కారుని బద్దలుకొట్టే బోనస్ ఆటని పరీక్షిస్తుండగా, ఒక దెబ్బ ముగిసేలోపే ఇంకో దెబ్బ తగిలించొచ్చని నిర్మాత ఫునామిజు గమనించాడు. తప్పే అయినా తీసెయ్యలేదు. ఈనాటి కాంబోలన్నీ ఆ కారు మీంచి వచ్చినవే. అప్పట్నుంచీ ఆట తెలిసినవాడంటే దగ్గరికెళ్ళి వరసపెట్టి బాదేవాడని అర్థం.

ధాల్సిమ్ దీనికి అడ్డం తిరుగుతాడు. గుద్దు నొక్కితే చెయ్యి తెరలో సగం దూరం సాగుతుంది. కానీ సాగిన చెయ్యి కూడా ఒళ్ళే కదా, దాన్ని కొట్టినా దెబ్బ తనకే. ఎగిరితే గాలిపటంలా నెమ్మదిగా దిగుతాడు. అందుకే మనవాళ్ళు వద్దన్నది.

మా పార్లర్‌లో ఒకే ఒక్కడు, ఇంటర్ చదివే అన్న, మనోణ్ణి తీసుకునేవాడు. రూపాయి బిళ్ళేసి అరగంట కదిలేవాడు కాదు. ఆ చివర నిలబడి సాగదీసి కొట్టడం, మంట వదలడం. ఓడినవాళ్ళు అరిచేవాళ్ళు: "దూరంకెల్లి కొట్టుడేందే? దమ్ముంటే దగ్గర్కి రా!" అన్న ఉలికేవాడు కాదు, పలికేవాడు కాదు. నేను ఆయన ఎడమ చెయ్యినే చూసేవాణ్ణి. హ్యాండిల్ ఎప్పుడూ వెనక్కే లాగి ఉండేది. అది భయమనుకునేవాణ్ణి. ఈ ఆటలో వెనక్కి లాగడమంటే కాచుకోవడం.

2023లో 'స్ట్రీట్ ఫైటర్ 6' వచ్చింది. మొదటి జాబితాలోనే మనోడు ఉన్నాడు, ఇప్పుడు తలపాగా, గడ్డం. ఈసారి తీసుకున్నాను. నెల రోజులు ఐరన్ ర్యాంకు దాటలేదు. ఇందులో ఒక చిత్రం ఉంది. మామూలుగా నొక్కితే చెయ్యి సాగుతుంది. సాగకుండా దగ్గరి దెబ్బ కొట్టాలంటే వెనక్కి పట్టి నొక్కాలి. మీద పడ్డవాణ్ణి కొట్టాలంటే వెనక్కి! కెన్‌తో ఇన్నేళ్ళు ముందుకే తోసిన బొటనవేలు దీనికి ఒప్పుకోదు. ఎగిరొచ్చేవాడికి కూడా ఒకే జవాబు ఉండదు. నెత్తిమీదికొస్తే ఒక బటన్, దూరంనుంచి ఎగిరితే ఇంకొకటి. సెకనుకి అరవై ఫ్రేముల్లో నడిచే ఆటలో, వాడు ఏ కోణంలో వస్తున్నాడో పోల్చుకునేలోపే నేను కింద పడుండేవాణ్ణి. రోజూ రాత్రి ప్రాక్టీస్‌లో ఒక్క కోణమే, ఇరవై నిమిషాలు. మా ఆవిడ దాన్ని సంధ్యావందనం అంది.

మూడో నెలలో ఒకరోజు ఒక కెన్ వరసగా నాలుగుసార్లు ఎగిరాడు, నాలుగుసార్లూ పడ్డాడు. ఐదోసారి ఎగరలేదు. ఆ చివర నిలబడి ఆలోచిస్తున్నాడు. నేనూ కదల్లేదు. ఎదుటివాడు ఆలోచించడం నాకు కనబడటం అదే మొదటిసారి. కెన్‌ని ఆడినన్నాళ్ళూ నా చేతులు నాకే కనబడలేదు, ఇంక ఎదుటివాడెక్కడ!

మొన్న దసరాకి అక్క కొడుకు వచ్చాడు. పదకొండేళ్ళు. పక్కన కూర్చుని కెన్‌ని తీసుకున్నాడు. రెండు ఆటలు ఓడి కంట్రోలర్ సోఫాలో పడేశాడు.

"మామా, ఇది చీటింగ్. దగ్గరికి రావేంది నువ్వు?"

నవ్వొచ్చింది. ఆ అన్నలాగా మాట్లాడకుండా ఉండటం నాకు చేతకాలేదు. కంట్రోలర్ తీసి వాడి చేతిలో పెట్టి, నా చెయ్యికి ఏది తగిలితే నాకు దెబ్బో చూపించాను. తర్వాతి ఆట వాడే గెలిచాడు.