నాగులేటి నీటిపాములు, సముద్రపు విషపాములు: ఆధారాలు ఏం చెబుతున్నాయి?

పల్నాడు జిల్లా దాచేపల్లిని ఆనుకొని నాగులేరు పారుతుంది. కాలువలు, చెరువులు, వరి మళ్ళు ఉన్న ఈ ప్రాంతంలో నీళ్లలో పాము కనబడటం మామూలే. అప్పుడు రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. హాని చేయని పామును చంపడం మొదటిది. ప్రమాదకరమైన పామును నీటిపామేలే అని వదిలేయడం రెండోది. రెండో పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే నీటికీ విషానికీ సంబంధం ఎంతో తేల్చుకోవాలి.

మన చెరువుల్లో ఎక్కువగా తారసపడేది నీరుకట్టె. ఒంటిమీద గళ్లు, కంటి దగ్గర ఏటవాలుగా రెండు నల్లచారలు దీని గుర్తులు. చేపలు, కప్పలు దీని ఆహారం. ఇది గుడ్లు పెడుతుంది. బెదిరితే తల ఎత్తి మెడను వెడల్పు చేస్తుంది. దాంతో నాగుపామని భ్రమపడతారు. చప్పున కరుస్తుంది గానీ మనిషికి ప్రాణాపాయం కలిగించే విషం దీనికి లేదు. తీరప్రాంతపు మడ అడవుల్లో ఉండే కుక్కమూతి నీటిపాముకు విషం ఉన్నా, కోరలు దవడలో వెనకవైపున ఉంటాయి. మనిషికి దానివల్ల తీవ్ర ప్రమాదం ఉండదు.

నీటినే ఇల్లు చేసుకున్న అసలైన విషపాములు బంగాళాఖాతంలో ఉన్నాయి. 1781లో విశాఖపట్నం వచ్చిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్, 1796లో వెలువరించిన కోరమండల్ తీర సర్పాల గ్రంథంలో సముద్రపు పాములనూ వర్ణించాడు. బంగాళాఖాతపు సముద్రపు పాముల్లో ముఖ్యమైనది కొక్కెపు మూతి సముద్రపు పాము (హైడ్రోఫిస్ షిస్టోసస్). దీని తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. నీట మునిగినప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటాయి. అదనపు ఉప్పును నాలుక కింది గ్రంథి బయటికి పంపుతుంది. నీటిలోనే పిల్లల్ని కంటుంది. జెల్ల జాతి చేపలను ఇష్టంగా తింటుంది. నదీముఖాల్లోకి కూడా వస్తుంది.

మరి అది కృష్ణ వెంట, అందులో కలిసే నాగులేరు మీదుగా దాచేపల్లి దాకా ఎగబాకుతుందా? ఫిలిప్పీన్స్‌లోని తాల్ సరస్సులో మంచినీటి సముద్రపు పాము ఉంది కాబట్టి, మంచినీరే అడ్డు అని చెప్పడం శాస్త్రీయం కాదు. అయితే ఇక్కడ దారి మూసుకుపోయింది. దిగువన పులిచింతల ఆనకట్ట, ఇంకా దిగువన ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి. పైగా సముద్రపు పాముల పొట్ట పొలుసులు బాగా కుదించుకుపోయాయి. నేలమీద అవి సరిగా పాకలేవు. కాబట్టి నాగులేటిలో వాటి భయం పెట్టుకోనక్కరలేదు.

వాటితో జాగ్రత్తగా ఉండాల్సింది మత్స్యకారులు. ఎక్కువ కాట్లు వలలు విదిల్చేటప్పుడో, చేపలు ఏరేటప్పుడో పడతాయి. కాటు పడిన చోట నొప్పి, వాపు పెద్దగా ఉండవు. చాలా కాట్లలో విషం ఎక్కదు. ఎక్కితే మాత్రం ఒళ్లంతా కండరాల నొప్పులు, బిగువు మొదలవుతాయి, దవడ తెరవడం కష్టమవుతుంది. కండరాలు కరిగి మూత్రం ముదురు గోధుమరంగుకు మారుతుంది. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మన దేశంలో వాడే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు విరుగుడుగా తయారైంది. సముద్రపు పాము విషానికి అది తయారు కాలేదు. అందువల్ల రోగిని నిశితంగా గమనించడం, శ్వాసకు, మూత్రపిండాలకు ఆసరా ఇవ్వడం కీలకం.

ఇంతకీ దాచేపల్లి రైతు తెలుసుకోవాల్సింది ఏమిటి? నాగుపాము బాగా ఈదగలదు, కప్పల కోసం మడుల్లోకి వస్తుంది. కనుక పామును నీళ్లలో చూశామన్నది విషం లేదనడానికి రుజువు కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాట్లకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. కాటు పడితే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, మంత్రాలకు పోవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీరుకట్టె కనబడితే చంపకండి. దాని దారిన దాన్ని పోనివ్వండి.